ఈత శిబిరాలా, ఆంచల్ కేంద్రాలా: గొడవ మొదలైన చోటు

వేసవి సెలవులిచ్చారంటే జిల్లా పేజీల్లో చెరువు వార్తలు మొదలవుతాయి. చెరువులో ఇద్దరు, క్వారీ గుంతలో ముగ్గురు. ఆ వెంటనే బడుల్లో ఈత తప్పనిసరి చేయాలని, మండలానికో ఈత కొలను కట్టాలని పాత డిమాండు మళ్లీ పైకి లేస్తుంది. ఈసారీ అంతే. ఈత నేర్పడం మనకు కొత్తేమీ కాదు. నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టించుకుని బావిలోకి తోయించుకున్న తరం మన ఊళ్లలో ఇంకా ఉంది. అలా నేర్పితే నీటి చావులు నిజంగా తగ్గుతాయా? దీన్ని లెక్కగట్టి చూసిన దేశం పక్కనే ఉంది. ఈత నేర్పాలా, పసిపిల్లలను పగటిపూట కనిపెట్టుకునే ఆంచల్ కేంద్రాలు పెట్టాలా అన్న ఇప్పటి వాదనలన్నీ తిరిగి తిరిగి అక్కడికే చేరతాయి.

2003లో బంగ్లాదేశ్‌లో ఇంటింటి సర్వే జరిగింది. లక్షా 71 వేల ఇళ్లు, 8 లక్షలకు పైగా మనుషులు. ఏడాది దాటిన పిల్లల నుంచి 17 ఏళ్ల వాళ్ల వరకు ఎక్కువమందిని చంపుతున్నది జ్వరమో విరేచనాలో కాదు, నీళ్లని తేలింది. ఏటా సుమారు 17 వేల మంది. అంతకుముందు ఈ లెక్క ఎందుకు కనపడలేదంటే, కుంటలో తేలిన బిడ్డను ఎవరూ ఆస్పత్రికి తీసుకెళ్లరు. తీసుకెళ్లి పాతిపెడతారు. ఆస్పత్రి రిజిస్టరులో పేరుండదు, పోలీసు కాగితమూ ఉండదు. ఇంటింటికీ తిరిగి మనుషుల లెక్క రాసుకునే మత్లబ్ ప్రాంతంలో మాత్రం ఈ సంగతి ముందే బయటపడింది. అక్కడ 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాల్లో మునిగి చనిపోయినవాళ్లు 1983లో 9 శాతం, 2000 నాటికి 53 శాతం. టీకాలూ ఓఆర్‌ఎస్ పొట్లాలూ మిగతా జబ్బులను వెనక్కి నెట్టాయి, కుంట మాత్రం అక్కడే ఉంది.

నా లెక్కన అసలు మలుపు ఆ అంకె కూడా కాదు, చావు జరిగిన వేళ. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అయిదేళ్లలోపువాళ్లు. ఎక్కువగా పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 లోపు, ఇంటికి ఇరవై మీటర్ల దూరంలోపే. తండ్రి పొలంలో ఉంటాడు, తల్లి పొయ్యి దగ్గర ఉంటుంది, అక్క బడికి పోయి ఉంటుంది. తప్పటడుగుల బిడ్డ పెరట్లోకి వెళ్తుంది. ఈ దృశ్యంలో ఈత ఎక్కడుంది?

ఆ ప్రశ్నలోంచే 2006 ప్రాంతంలో రాయ్‌గంజ్, షేర్‌పూర్, మనోహర్దీ ఉపజిల్లాల్లో 'ప్రిసైజ్' కార్యక్రమం వచ్చింది. అందులో రెండు భాగాలు. ఒకటి ఆంచల్. బెంగాలీలో ఆ మాటకు అర్థం చీర కొంగు. ఊళ్లో ఒకావిడ ఇంట్లోనో వసారాలోనో చాప పరిచి, పాతికమంది పిల్లలను సరిగ్గా ఆ 9 నుంచి 1 దాకా, వారానికి ఆరు రోజులు కనిపెట్టుకుని ఉంటారు. ఆమెను 'ఆంచల్ మా' అంటారు, పక్కన ఒక సహాయకురాలు. రెండోది స్విమ్‌సేఫ్. అది నాలుగేళ్లు దాటినవాళ్లకు. ఊరి కుంటలోనే వెదురుతో నీటిలో అరుగులాంటిది కట్టి, చుట్టూ దడి పెట్టి, శిక్షణ పొందిన ఊరి యువకులతోనే నేర్పించారు. 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు తేలాలి. మునిగేవాడి కోసం నీళ్లలోకి దూకకుండా గట్టు మీద నుంచే కర్ర అందించాలి.

2012లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆంచల్‌కు వచ్చిన పిల్లల్లో మునిగి చనిపోయే ముప్పు 80 శాతానికి పైగా, స్విమ్‌సేఫ్ పిల్లల్లో 90 శాతానికి పైగా తక్కువ. అదే పత్రంలో ఖర్చు లెక్క కూడా ఉంది. అకాల మరణం వల్ల, వైకల్యం వల్ల పోయే ఒక్కో ఆరోగ్యకరమైన ఏడాదిని కాపాడటానికి ఆంచల్‌కు 812 డాలర్లు, ఈతకు 85.

గొడవంతా ఈ రెండు అంకెల మధ్యనే. పదో వంతు ఖర్చుతో పనయ్యేది ఉండగా పిల్లలను చూసుకునే ఆయాలకు నెలనెలా జీతాలెందుకని ఒక వాదన. వినడానికి బాగానే ఉంటుంది. పైగా కొలను ప్రారంభానికి రిబ్బన్ ఉంటుంది, ఫొటో ఉంటుంది. చాప మీద కూర్చున్న పాతికమంది పిల్లలకు ఏ రిబ్బన్ కడతారు? కానీ 85 డాలర్ల పిల్లవాడు వేరు, 812 డాలర్ల పిల్లవాడు వేరు. ఎక్కువమంది చనిపోతున్న వయసువాళ్లను స్విమ్‌సేఫ్ చేర్చుకోదు. రెండేళ్ల బిడ్డకు ఈత నేర్పి ఊరుకోవడం కుదరదు కాబట్టే పక్కన కాపలా పెట్టారు. అందుకే అది ఖరీదు.

ఆక్షేపణలూ వచ్చాయి. పిల్లలను లాటరీ వేసి విడదీయలేదు, వచ్చినవాళ్లను రానివాళ్లతో పోల్చారు. పంపిన తల్లులే మొదటి నుంచీ ఎక్కువ జాగ్రత్తపరులు అయ్యుండొచ్చు. సబబైన అనుమానమే. అందుకే 2013–15లో ఏడు ఉపజిల్లాల్లో మరింత పెద్ద ఎత్తున మళ్లీ పరీక్షించారు. పిల్లల కేంద్రాలు అక్కడా నిలబడ్డాయి. ఇంట్లో పెట్టే చెక్క కటకటాల ప్లేపెన్‌ల వల్ల అదనంగా ఎంత మేలన్నది తేలలేదు. ఈత వస్తే పిల్లలు మరీ తెగిస్తారన్న భయాన్నీ విడిగా పరిశీలించారు, దానికి ఆధారం దొరకలేదు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో పసిపిల్లలకు సంరక్షణ కేంద్రం, ఎదిగిన పిల్లలకు ఈత అని రెండూ చేరాయి. 2022లో బంగ్లాదేశ్ ప్రభుత్వం 16 జిల్లాల్లో 8 వేల కేంద్రాలకు 271 కోట్ల టాకాల పథకం ఆమోదించింది. ఖర్చులో 80 శాతం ప్రభుత్వానిదే.

మన వైపు చూస్తే, కేంద్ర ఆరోగ్య శాఖ 2023 డిసెంబరులో నీటి మరణాల నివారణకు ఒక వ్యూహ పత్రం విడుదల చేసింది. పశ్చిమ బెంగాల్ సుందర్బన్స్‌లో జరిగిన సర్వేలో 1–4 ఏళ్ల పిల్లల్లో ఏటా లక్షకు 243 మంది, 5–9 ఏళ్లవారిలో 38 మంది మునిగి చనిపోతున్నట్టు తేలింది. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక తరగతికి వచ్చేది మూడేళ్లు నిండినవాళ్లే. అంతకన్నా చిన్నవాళ్ల ఇంటికి సరుకులు వెళ్తాయి, పిల్లలు మాత్రం పెరట్లోనే ఉంటారు. ఇక మన వేసవి ఈత శిబిరాల్లో సాధారణంగా చేర్చుకునేది ఆరేళ్లు దాటాకే.