తిరగని బండి చెడదా? పాత బెంజ్ ఎస్‌ఎల్ గురించి అపోహలు – వాస్తవాలు

"అన్నా, బండి అద్భుతంగా ఉంది. ఇరవై ఏళ్ళుగా షెడ్డులోంచి బయటికే తీయలేదంట. మీటర్లో అరవై వేల మైళ్ళే. అడ్వాన్స్ ఇచ్చేశా. ఒక్కసారి వచ్చి చూస్తావా?"

ఎండలు మొదలైతే చాలు, జర్మనీలోని స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళ దగ్గర్నుంచి ఇలాంటి ఫోన్లు నెలకు రెండైనా వస్తాయి. నేను పాత బెంజ్ బళ్ళు బాగుచేసే వర్క్‌షాపులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. మా లిఫ్ట్ ఎక్కేవాటిలో ఎక్కువ ఆర్107 ఎస్‌ఎల్ బళ్ళే. 1971 నుంచి 1989 దాకా పద్దెనిమిదేళ్ళు, ఇక్కడికి దగ్గర్లోని జిండెల్‌ఫింగెన్‌లో తయారైన రోడ్‌స్టర్, అంటే టాప్ తీసి నడిపే చిన్న కారు అది. ఫోన్ చేసిన ప్రతివాడికీ విడివిడిగా చెప్పేది ఒకచోట రాసిపెడుతున్నాను. దయచేసి అడ్వాన్స్ ఇచ్చే ముందే చదవండి.

అపోహ: తక్కువ తిరిగి, షెడ్డులో ఉన్న బండి కొత్తదానితో సమానం

కాదు. మనవాళ్ళ డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క నమ్మకం వల్లే. బండి తిరిగితే అరుగుతుంది, నిజమే. నిలబడితే కుళ్ళుతుంది. అరిగిన భాగం ఏదో చప్పుడు చేసి చెబుతుంది. కుళ్ళే భాగం చెప్పదు.

మొదట పెట్రోలు సంగతి. 1970ల మధ్య నుంచి వచ్చిన ఎస్‌ఎల్‌లలో బాష్ కే-జెట్రానిక్ అనే పెట్రోలు ఇంజెక్షన్ ఏర్పాటు ఉంటుంది. ఇంజను పీల్చే గాలి ఒక పళ్ళాన్ని కదుపుతుంది, ఆ పళ్ళెం ఒక సన్నని ప్లంజర్‌ను జరుపుతుంది, అది జరిగిన మేరకు పెట్రోలు అన్ని సిలిండర్లకూ ఆగకుండా వెళ్తుంది. ఆ ప్లంజర్‌కీ దాని గూడుకీ మధ్య వెంట్రుక దూరే సందు కూడా ఉండదు. ఏళ్ళ తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారితే ప్లంజర్ పట్టేస్తుంది. పెట్రోల్లో కలిపిన ఇథనాల్ తేమను లాగి ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. అమ్మేవాడు కొత్త బ్యాటరీ వేసి, అయిదు లీటర్లు పోసి, సెల్ఫ్ కొట్టి "చూడండి, ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది" అంటాడు. ఆ ఒక్క దెబ్బకే ట్యాంకు అడుగున ఉన్న మడ్డి అంతా ముందుకు బయల్దేరుతుంది.

బ్రేకు గొట్టాలు పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటాయి, లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. తొక్కితే ఒత్తిడి వెళ్తుంది, కాలు తీస్తే వెనక్కి రాదు. చక్రం పట్టేసి కాలిపోతుంటే నడిపేవాడు ఇంజన్లో బలం తగ్గిందేమో అనుకుంటాడు. టైరు గాడులు లోతుగా ఉన్నాయని సంబరపడకండి, పక్కన డీఓటీ అంకెలు చూడండి. చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. మూడే అంకెలు ఉంటే అది 2000కి ముందు టైరు. దాని మీద మనిషిని కూర్చోబెట్టకూడదు.

ఇక ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్లో వాల్వులను వేళకి తెరిపించే టైమింగ్ చైన్, అది నడిచే ప్లాస్టిక్ గైడ్లు. వీటికి మైళ్ళతో పాటు వయసు కూడా శత్రువే. ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసైపోతాయి. ఒక ముక్క విరిగి చైనుకీ పళ్ళచక్రానికీ మధ్య పడిందంటే చైను జారి, వాల్వులు వెళ్ళి పిస్టన్లను కొడతాయి. అరవై వేల మైళ్ళే కదా అని గైడ్లు మార్చకుండా తిప్పిన ఇంజన్లు మా దగ్గరికి ముక్కలుగా వచ్చాయి. 1981–83లో అమెరికాకి వెళ్ళిన 380 ఎస్‌ఎల్‌లో ఆ చైను ఒంటి వరుసది. 1984 నుంచి జంట వరుస చైను వేశారు. పాతది కొనేవాళ్ళు జంట వరుసకి మార్చినట్టు బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.

ఆ అరవై వేలు కూడా నిజమో కాదో. ఈ బళ్ళ మీటర్లో చిన్న పళ్ళచక్రం ఇరుసు మీద జారిపోవడం మామూలే. స్పీడు ముల్లు చక్కగా పనిచేస్తుంది, మైళ్ళు మాత్రం ఆగిపోతాయి. ఎవరూ మోసం చేయక్కర్లేదు, మీటరే ఆగి ఉంటుంది. అందుకే నేను మీటరు కంటే కాగితాలు నమ్ముతాను. జర్మనీలో తిరిగిన బండికి రెండేళ్ళకోసారి జరిగే టీయూవీ తనిఖీ రిపోర్టులో అప్పటి కిలోమీటర్లు రాస్తారు. ఆ వరుస చూస్తే బండి ఎప్పుడు తిరిగిందో, ఎప్పుడు పడుకుందో తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఖరీదైనది తుప్పు. మడ్‌గార్డు అంచున కనపడేది కాదు, ఫైర్‌వాల్‌ది, అంటే ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడది. అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే జాలీ ఉంటుంది కదా, అందులో పడిన వాన నీళ్ళు రబ్బరు గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు చేరి గొట్టాలు మూసుకుంటే నీళ్ళు హీటర్ పెట్టె కూర్చునే చోట చేరతాయి. ఆ పెట్టె కింది నురగ స్పాంజిలా నీటిని పట్టుకుంటుంది. అక్కడ రేకును తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. బయట పెయింట్ అద్దంలా మెరుస్తూనే ఉంటుంది.

మొన్న ఏప్రిల్‌లో ఒక గుంటూరు అబ్బాయి అమెరికా నుంచి తిరిగొచ్చిన 450 ఎస్‌ఎల్ కొన్నాడు. ముదురాకుపచ్చ రంగు, చూడముచ్చటగా ఉంది. కొన్నాకే నా దగ్గరికి తెచ్చాడు. కాళ్ళ దగ్గరి కార్పెట్ ఎత్తాను, తడిగా ఉంది. పైన రేకును వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. ఆ అబ్బాయి నోట మాట రాలేదు. అప్పటికే బండి పక్కన నిలబడి తీసుకున్న ఫోటో వాళ్ళ నాన్నకి పంపేశాడట. అమ్మినాయన కూడా మోసగాడేం కాదు, వానలో తడవనివ్వకుండా దాచానని నిజంగానే నమ్మాడు. కానీ దాచేనాటికే లోపల తేమ ఉంది, తలుపు మూసి ఇరవై ఏళ్ళు దాన్ని కాపాడాడు. డ్యాష్‌బోర్డు, హీటర్ పెట్టె దించి రేకు కత్తిరించి అతికేసరికి బండి కొన్న ధరలో మూడో వంతు అయింది. కంగారుపడకు, బండి మిగులుతుంది అని ఆ రోజు చెప్పాను. మిగిలింది. ఇప్పుడు ప్రతి ఆదివారం తిప్పుతున్నాడు.

ఈ విషయం నేను జర్మనీలో నేర్చుకోలేదు. మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. ఒకాయన ఇంట్లో పెద్దాయన పోయాక అంబాసిడర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఏటా దసరాకి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, అంగుళం కూడా కదపకుండా మళ్ళీ గుడ్డ కప్పేవారు. అమ్మాయి పెళ్ళికి తీద్దామంటే నాలుగు చక్రాలూ పట్టేసి ఉన్నాయి. నాన్న వీల్ సిలిండర్లు విప్పుతూ, "పెద్దాయన గుర్తుగా ఉంచుకోవాలనుకుంటే నెలకోసారి గుడిదాకా నడిపి తీసుకెళ్ళండి బాబూ" అన్నాడు.

నెలకోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాం, చాలదా అంటారు. చాలదు. ఆయిలు సరిగ్గా కాగదు, సైలెన్సర్‌లో నీరు చేరుతుంది. ముప్పై, నలభై కిలోమీటర్లు నడపండి. దీని అన్న, కూపే 450 ఎస్‌ఎల్‌సీ 5.0, 1979లో ఐవరీ కోస్ట్ మట్టి దారుల్లో బందామా ర్యాలీ నెగ్గింది. మొదటి నాలుగు స్థానాలూ ఆ బళ్ళవే. అలా నడవడానికి కట్టిన బండి ఇది.

మిగతావి త్వరగా

"హెచ్ నంబరు ఉంది కాబట్టి బాగున్నట్టే." అది జర్మనీలో పాత బళ్ళకిచ్చే ప్రత్యేక నంబరు. ముప్పై ఏళ్ళు దాటి, అసలు రూపంలో, చూడదగ్గ స్థితిలో ఉంటే ఇస్తారు. ఏడాదికి 191.73 యూరోల పన్నుతో సరిపోతుంది. అందుకోసం హీటర్ పెట్టె విప్పి ఎవరూ చూడరు.

"560 ఎస్‌ఎల్ అన్నిటికంటే బలమైనది." అది అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల కోసం చేసింది, 230 హార్స్‌పవర్. యూరప్‌లో క్యాటలిస్ట్ (పొగను శుద్ధిచేసే భాగం) లేకుండా వచ్చిన చివరి 500 ఎస్‌ఎల్‌ది 245.

"అరుదైన బండి, ధర పెరుగుతూనే ఉంటుంది." 2,37,287 తయారయ్యాయి. అరుదు కాదు. బాగున్నవి తక్కువ, అంతే.

"పగోడా అంటే ఇదే." కాదు, పగోడా దీని ముందు మోడల్ డబ్ల్యూ113. హార్డ్‌టాప్ మధ్యలో పల్లంగా ఉండటంతో ఆ పేరొచ్చింది.

"ఎస్‌ఎల్‌లో ఎల్ అంటే తేలిక అని కదా, మరి ఇంత బరువేంటి, డూప్లికేటా?" ఒకరు నిజంగానే భయపడి అడిగారు. భయం వద్దు. టన్నున్నర అసలు బరువే. టాప్ లేని బళ్ళను అమెరికా నిషేధిస్తుందేమో అన్న రోజుల్లో డిజైన్ చేశారు, బోల్తాపడినా తట్టుకునేలా అద్దం పక్క స్తంభాలు గట్టిగా కట్టారు.

నిజంగా బాగా కాపాడిన ఎస్‌ఎల్ ఎలా ఉంటుందో చెప్తాను. మా దగ్గరికి ఒక రిటైర్డ్ టీచరమ్మ 1978 నాటి 280 ఎస్‌ఎల్ తెస్తారు. 2,80,000 కిలోమీటర్లు తిరిగింది. సీటు తోలు పగిలింది, బంపరు మీద గీతలున్నాయి. డిక్కీలో ఒక నోటుపుస్తకం ఉంటుంది, పోసిన పెట్రోలు, మార్చిన ఆయిలు, గొట్టాలు అన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి. ఏటా ఆకులు రాలడం అయ్యాక ఆవిడ అద్దం కింది జాలీలో స్వయంగా చెంబెడు నీళ్ళు పోస్తారు. రెండు వైపులా నీళ్ళు నేల మీదికి ధారగా కారాలి, కాళ్ళ దగ్గరి కార్పెట్ పొడిగా ఉండాలి. బండి చూడటానికి వెళ్ళినప్పుడు ఒక నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి. పోయనివ్వనన్నవాడి దగ్గర కొనకండి.