ముసలి తీగను ఎందుకు పీకెయ్యరంటే

చిరంజీవులు బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరడిగినదానికి అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. "కాపు తగ్గిన ద్రాక్ష తీగని పీకేసి కొత్తది పెట్టుకోవచ్చుగా?" అన్నారు. పెద్ద తోటలవాళ్లు చాలామంది చేసేది అదే. పాతిక, ముప్ఫై ఏళ్లు దాటాక కాపు మెల్లగా తగ్గుతుంది, పెట్టుబడికి లెక్క తేలదు. కానీ ఇంటిల్లిపాదీ తోట చూసుకుంటూ, ఆ పళ్లతోనే వైన్ చేసే చిన్న కుటుంబాలు కొన్ని తాతలు నాటిన తీగల్నే అంటిపెట్టుకుని ఉంటాయి. (వైన్ పెద్దవాళ్ల వ్యవహారం. మనకి కావాల్సింది తీగ.)

ముసలి తీగ వేళ్లు బాగా లోతుకి దిగి ఉంటాయి. వాన ఆలస్యమైతే లేత తీగలా వెంటనే తల వాల్చెయ్యదు. లావుపాటి మానులో పిండిపదార్థం దాచుకుంటుంది, చలికాలం పోగానే మొదటి చిగుళ్లు ఆ నిల్వతోనే వస్తాయి. గుత్తులు తక్కువ కాబట్టి పండులో రుచి చిక్కగా ఉంటుందంటారు. నన్నడిగితే వయసొక్కటే చాలదు, నేలా బాగుండాలి, చూసుకునే చెయ్యీ బాగుండాలి. 35 ఏళ్లు నిండినదాన్ని 'పాత తీగ' అనొచ్చని అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2024లో తేల్చింది. స్లొవేనియాలోని మారిబోర్‌లో 400 ఏళ్లు దాటిన తీగ ఒకటి ఇంకా కాస్తోంది. దాని ముందు ఈ 35 ఏళ్లది పసిపాపే!

ఇక సేంద్రియ సాగు సంగతి. మందులు కొట్టకుండా వదిలెయ్యడమే అనుకున్నారు కదూ? అసలు చాకిరీ అక్కడే మొదలవుతుంది. కలుపు మందు వాడరు కాబట్టి మొదళ్ల చుట్టూ మానుకి దెబ్బ తగలకుండా తవ్వాలి. వరసల మధ్య చిక్కుడు జాతి మొక్కలు పెంచి, నేలలో కలియదున్నితే నత్రజని అందుతుంది. బూడిద తెగులుకి గంధకం చల్లుతారు. బూజు తెగులుకి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. దీని వెనక తమాషా కథ ఉంది. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర, దారినపోయేవాళ్లు పళ్లు కోసుకోకుండా రోడ్డు పక్క తీగలకి ఈ నీలం పూత పూసేవారట. ఆ తీగలకి తెగులు సోకకపోవడం మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి, 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం పూసింది తెగులుకి మందైంది! అయితే మైలుతుత్తంలో ఉండే రాగి లోహం మట్టిలో మాయమైపోదు, పేరుకుపోయి వానపాములకి చేటు చేస్తుంది. అందుకే ఐరోపా యూనియన్‌లో హెక్టారుకి ఏడేళ్లలో 28 కిలోలకు మించి రాగి వాడకూడదు. సేంద్రియంలో ఏ లోపమూ లేదని ఎవరైనా అంటే నమ్మెయ్యకండి.

మరి తీగ చచ్చిపోతే? పక్క తీగ కొమ్మని వంచి ఆ ఖాళీలో పాతితే అది వేళ్లేస్తుంది. ఇదే నేల అంటు. కాళ్ల మీద నిలబడేదాకా తల్లి తిండే తింటుంది, ఆ తర్వాత కోసి వేరు చేస్తారు. కానీ ఫిలోక్సెరా అనే వేరు పురుగు ఉన్నచోట ఈ ఉపాయం పనికిరాదు. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చి ఫ్రాన్స్ తోటల్ని ఊడ్చిపెట్టింది అదే. దాన్ని తట్టుకునే అమెరికా తీగ వేరు మీద అంటు కట్టి నాటాల్సిందే. ఇసుక నేలల్లో మాత్రం ఆ పురుగు బతకలేదు.

ఎలా నాటినా కొత్త మొక్క మూడో ఏటికి గానీ చెప్పుకోదగ్గ గుత్తి ఇవ్వదు. అందాకా పక్కనున్న ముసలిదే కాస్తుంటుంది.

ఉంటాను,
తాతయ్య