జాగ్రఫీ బేసిక్స్: క్లాసులో తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

"జాగ్రఫీలో ఏముంది సార్, బట్టీ కొడితే మార్కులొస్తాయి" అనే మాట ఈ సబ్జెక్టు చెప్పే ప్రతివాళ్లూ వినే ఉంటారు. తీరా చూస్తే, బట్టీ కొట్టినవాళ్లే బేసిక్స్ దగ్గర దొరికిపోతారు. రాజధానులు గడగడా అప్పజెప్పే కుర్రాడు, పెద్ద స్కేలు పటం ఏదో చూపించమంటే ప్రపంచ పటం తీస్తాడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం, నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: జాగ్రఫీ అంటే ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం.

వాస్తవం: ఎక్కడుందన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అక్కడే ఎందుకుంది, చుట్టుపక్కల వాటితో దానికేం సంబంధం అని అడిగినప్పుడు అసలు పని మొదలవుతుంది. 1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చినప్పుడు, జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంట్లో ఎంతమంది చనిపోయారో పటం మీద గుర్తులు పెట్టాడు. ఆ గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడాయి. ఆ పంపుకు దగ్గర్లోనే ఉన్న బీరు తయారీ కేంద్రంలో మాత్రం పనివాళ్లు బతికి బయటపడ్డారు. వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవారు కాదు. కలరా చెడుగాలి వల్ల వస్తుందని గట్టిగా నమ్మే రోజులవి. గాలే కారణమైతే పక్కపక్క భవనాల మధ్య ఇంత తేడా ఎలా వస్తుంది? స్థానం, దూరం, విస్తరణ అని పుస్తకంలో నిర్వచనాలుగా చదివేవన్నీ ఆ ఒక్క పటంలో పని చేస్తూ కనిపిస్తాయి.

అపోహ: పెద్ద స్కేలు పటం అంటే పెద్ద ప్రాంతాన్ని చూపేది.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. స్కేలు అంటే పటం మీది దూరం, నేల మీది దూరంలో ఎన్నో వంతో చెప్పేది. దాన్ని ఒక భిన్నసంఖ్యలా చూడండి. 1:10,000 అంటే పదివేలలో ఒక వంతు. 1:10,00,000 అంటే పది లక్షల్లో ఒక వంతు. ఏది పెద్ద భిన్నం? మొదటిది. అందులో పటం మీది సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు, రెండోదానిలో 10 కిలోమీటర్లు. వీధులు, కాలువలు కనిపించేది పెద్ద స్కేలులో. చిన్న స్కేలుకు వెళ్లేకొద్దీ ఊరు చుక్కవుతుంది, ఆ తర్వాత ఆ చుక్క కూడా మాయమవుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. పటాన్ని ఫొటోకాపీ తీసి సగానికి తగ్గించారనుకోండి. మూలన అచ్చయిన 1:50,000 అనే అంకె మారకుండా అలాగే ఉంటుంది, కానీ అది ఇక అబద్ధం. గీత రూపంలో ఉండే స్కేలయితే పటంతో పాటే కుంచించుకుంటుంది కాబట్టి నిజమే చెప్తుంది. ఫోన్‌లో జూమ్ చేసే స్క్రీన్‌షాట్‌కూ ఇదే లెక్క. అంకె ఒక్కటే చూసి దూరం కొలవకండి.

స్కేలు మారితే జవాబే మారిపోయే సందర్భాలూ ఉన్నాయి. తీరరేఖనే తీసుకోండి. 100 కిలోమీటర్ల కొలబద్దతో కొలిస్తే ఒక పొడవు, 10 కిలోమీటర్ల దానితో కొలిస్తే అంతకంటే ఎక్కువ. చిన్న మలుపులన్నీ లెక్కలోకి వస్తాయి మరి. ఒకే తీరానికి రెండు పుస్తకాల్లో రెండు అంకెలు కనిపిస్తే వెంటనే అచ్చుతప్పు అనేయకండి.

అపోహ: పటంలో ఎలా ఉంటే భూమి అలాగే ఉంటుంది.

వాస్తవం: గుండ్రటి భూమిని చదును చేస్తే ఆకారమో, వైశాల్యమో, దూరమో ఏదో ఒకటి చెడక తప్పదు. మెర్కేటర్ అనే పటాల తయారీదారు 1569లో గీసిన ప్రక్షేపంలో (అంటే భూమిని చదునుగా గీసే పద్ధతిలో) 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు, భూమధ్యరేఖతో పోలిస్తే రెట్టింపవుతుంది. వైశాల్యం నాలుగింతలు. గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు సమానంగా కనిపించేది అందుకే. అసలు లెక్కలో గ్రీన్‌లాండ్ సుమారు 21.6 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా 3 కోట్ల పైచిలుకు.

దీన్ని ఉత్తరాది దేశాలను పెద్దగా చూపడానికి పన్నిన కుట్రగా చెప్పే పోస్టులు చాలా తిరుగుతుంటాయి. నాకు ఆ వాదన అంతగా రుచించదు. ఆ ప్రక్షేపం నావికుల కోసం చేసింది. దిక్సూచి ప్రకారం ఒకే దిశ పట్టుకుని వెళ్లే దారి అందులో సరళరేఖగా వస్తుంది. తప్పల్లా, దాన్ని దేశాల సైజులు పోల్చడానికి గోడకు తగిలించడంలో ఉంది. ఆ సరళరేఖ అతి దగ్గరి దారి అనుకోవడం కూడా పొరపాటే. గ్లోబు మీద టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి లాగండి, అది ఉత్తరానికి, అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల వైపు వంగుతుంది.

అపోహ: భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం.

వాస్తవం: భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, 15.2 కోట్లు. ఉత్తరార్ధగోళంలో చలికాలం ఎప్పుడో ఇప్పుడు చూసుకోండి. దూరమే కారణమైతే రెండు అర్ధగోళాలకూ ఒకేసారి ఎండాకాలం రావాలి. రుతువులకు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం. సూర్యుడి వైపు వంగిన అర్ధగోళం మీద కిరణాలు నిటారుకు దగ్గరగా పడతాయి, పగలూ ఎక్కువసేపు ఉంటుంది. కాగితం మీద టార్చి లైటు నిటారుగా వేసి, తర్వాత ఏటవాలుగా వేసి చూడండి. అదే వెలుగు రెండోసారి ఎక్కువ చోటుకు పరచుకుని పలచబడుతుంది.

ఈ అపోహకు సగం బాధ్యత మన పుస్తకాల బొమ్మలదే. కక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు. నిజమైన కక్ష్యను 10 సెంటీమీటర్ల పొడవున గీస్తే, పొడవుకూ వెడల్పుకూ తేడా పెన్సిల్ గీత మందం కంటే తక్కువ. సూర్యుణ్ణి మధ్య నుంచి ఒక మిల్లీమీటరు కూడా జరపక్కర్లేదు.

రెండు చిన్నవి, త్వరగా చెప్పేస్తాను. మిట్టమధ్యాహ్నం సూర్యుడు అందరికీ నడినెత్తిన ఉండడు. కర్కట, మకర రేఖల మధ్య ఉన్నవాళ్లకు ఏడాదికి రెండుసార్లు, ఆ రేఖల మీదివాళ్లకు ఒక్కసారి, మిగతావాళ్లకు ఎప్పుడూ లేదు. ఎడారి అంటే వేడి, ఇసుక అని కూడా కాదు, వాన, మంచు ఎంత తక్కువ పడతాయన్నదే లెక్క. అందుకే అన్నిటికంటే పెద్ద ఎడారి అంటార్కిటికా.

అపోహ: రేఖాంశాలు, టైమ్ జోన్లు ప్రకృతి ఇచ్చినవి.

వాస్తవం: భూమి తిరుగుతోంది కాబట్టి ధ్రువాలున్నాయి, వాటివల్ల భూమధ్యరేఖ ఉంది. సున్నా రేఖాంశానికి అలాంటి ఆధారం లేదు. 1884లో వాషింగ్టన్‌లో దేశాలు కూర్చుని లండన్‌లోని గ్రీనిచ్‌ను ఎంచుకున్నాయి. 15 డిగ్రీలకు ఒక గంట అన్నది లెక్క, గడియారాలు నడిచేది ప్రభుత్వాల నిర్ణయంతో. దాదాపు 60 డిగ్రీల మేర పరచుకున్న చైనా అంతటా ఒకటే టైము. పసిఫిక్‌లోని దీవుల దేశం కిరిబాటి 1995లో తన దీవులన్నిటికీ ఒకే తేదీ ఉండేలా, తేదీ మారే గీత అయిన దినరేఖనే తూర్పుకు జరిపింది.

అపోహ: ప్రకృతి ఎలా ఉంటే మనిషి బతుకు అలాగే ఉంటుంది.

వాస్తవం: జవాబు పత్రాల్లో నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే. "వనరులు లేవు కాబట్టి వెనకబడింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సింగపూర్‌లో ఉన్న వనరులెన్ని? చోటుగా చూస్తే చిన్న దీవి. చుట్టూ ఏముందో చూస్తే, పక్కనే ఓడలు బారులు తీరే మలక్కా జలసంధి. ప్రకృతి అవకాశాలు ఇస్తుంది, ఎంచుకునేది మనిషి అని ఫ్రెంచి భూగోళవేత్త విడాల్ ద లా బ్లాష్ వాదించింది ఇలాంటివి చూసే. అలాగని ప్రకృతి లెక్కలోంచి పోయిందనీ కాదు. నెదర్లాండ్స్ నేలలో సుమారు నాలుగో వంతు సముద్రమట్టానికి దిగువన ఉంది. అక్కడ కట్టలు కాపాడుకోవాలి, పంపులు నడుపుతూనే ఉండాలి, ఏటా డబ్బు పోయాలి. ఈ రెండు వైపులూ రాసిన జవాబుకే నేను పూర్తి మార్కులు వేస్తాను.