గోవా టికెట్టు కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో మాది చిన్న ట్రావెల్స్. గోవా గురించి కుర్రాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు. సంసారులు “పిల్లలతో వెళ్లవచ్చా అండీ?” అని నసుగుతారు. ఇద్దరి తలలోనూ ఉన్నది ఒకే గోవా, సినిమాల్లో చూసిన గోవా.

అపోహ: అది తాగేవాళ్ల ఊరు.

వాస్తవం: ఊరు కాదు, 1987 నుంచి రాష్ట్రం. సందడి ఎక్కువగా ఉత్తరాన కలంగూట్, బాగా, అంజునా బీచ్‌ల వైపు. దక్షిణాన అగోండాలో పొద్దుపోయాక వినిపించేది చాలావరకు అలల చప్పుడే. మందుకు 21 ఏళ్లు నిండాలి, బీచ్ మీద సీసా తెరిస్తే జరిమానా. మా అమ్మను అక్కడి మంగేశి గుడికని తీసుకెళ్తే, దర్శనం అయిన వెంటనే “సముద్రం ఎప్పుడు?” అని అడిగింది.

అపోహ: ఎక్కడ చూసినా తెల్లవార్లూ పాటలే.

వాస్తవం: ఆరుబయట మైకులు రాత్రి పదికి ఆపాలన్న నిబంధన మనకెంతో అక్కడా అంతే. అందుకే పాలోలెంలో ఒక ఉపాయం పుట్టింది: అందరూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని చిందులేస్తారు. పక్కన నిలబడి చూసేవారికి పూనకం వచ్చినట్టు ఉంటుంది. నాకు అక్కడ నచ్చిన డాన్సు అదొక్కటే.

అపోహ: మాకు ఈత వచ్చు, సముద్రం ఏం చేస్తుంది?

వాస్తవం: కృష్ణలో, బందరు కాలువలో ఈత నేర్చినవారు ఈ మాట అంటే నాకు గుబులు. ఒడ్డుకు కొట్టిన నీరు ఎటో ఒకవైపు నుంచి వెనక్కి పోవాలి కదా. అది ఒక సన్నని పాయ చేసుకుని లోపలికి లాగుతుంది. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నిమ్మళంగా కనిపించే చోటు చాలాసార్లు అదే. కొత్తవారు పిల్లల చెయ్యి పట్టుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగినప్పుడు ఒడ్డుకేసి ఎదురీదితే సత్తువ అయిపోతుంది, ముంచేది అదే. తేలుతూ చెయ్యి ఊపాలి. ఈత బాగా వచ్చినవారు ఒడ్డు వెంబడే పక్కకు ఈది పాయ దాటాలి. ఎర్రజెండా ఉంటే దిగనే వద్దు, ఎరుపు-పసుపు జెండాల మధ్య లైఫ్‌గార్డుల కన్ను ఉంటుంది. తాగినవారికి జెండా కనిపించదు, అది వేరే సంగతి. ఒకసారి గుంటూరు బృందం ఫోను చేసి, “ఈల వేసి బయటకు రమ్మంటున్నారు, మీరొక మాట చెప్పండి” అన్నారు. చెప్పాను, గార్డుకు కాదు, వాళ్లకు. తిరిగి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

అపోహ: ఏ బండి అయినా అద్దెకు తీసుకోవచ్చు.

వాస్తవం: నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉన్నదే తీసుకోండి. తెల్ల ప్లేటు సొంత బండిది, అద్దెకు ఇవ్వకూడదు; అది చవకని తీసుకుంటే మిగిలిన డబ్బు జరిమానాగా పోలీసులకే.

అపోహ: వానాకాలంలో గోవా దండగ.

వాస్తవం: స్నానాలకు దండగే. జూన్ నుంచి బీచ్ మీది పాకలు కూడా విప్పేస్తారు. కానీ 310 మీటర్ల దూద్‌సాగర్ నిండుగా దూకేది అప్పుడే. విజయవాడ, గుంటూరు మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ కాసిల్ రాక్ స్టేషను దాటాక ఆ జలపాతం ముందు నుంచే పోతుంది. ఏసీ బోగీ అద్దానికి వాన మసక పట్టి ఏమీ కనిపించదు. ఎంత డబ్బు ఇస్తామన్నా ఆ కాలంలో నేను స్లీపరే బుక్ చేస్తాను.