బంతి ఎటు పోవాలో తేల్చేదెవరు?

2023లో అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో కొత్త రూల్ వచ్చింది. పిచర్ (బంతి విసిరేవాడు) బంతి వదిలేదాకా ఇన్‌ఫీల్డర్లు, అంటే బేస్‌ల దగ్గర కాపలా ఉండే ఫీల్డర్లు, నలుగురూ ఇన్‌ఫీల్డ్ హద్దు దాటకూడదు, పిచర్ వెనక నడిమధ్యన ఉండే సెకండ్ బేస్‌కు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఉండి తీరాలి. చూడ్డానికి చిన్న మార్పే కానీ, దీని వెనక పాత తగువు ఉంది. కొట్టిన బంతి ఎటు పోవాలో పిచర్ తేలుస్తాడా, బ్యాటరా?

ఒకప్పుడు బ్యాటర్‌దే రాజ్యం. బంతి ఎత్తులో కావాలో, కింద కావాలో అడిగి మరీ వేయించుకునేవాడు. 1887లో ఆ హక్కు పోయింది. ఇప్పుడు ఫాస్ట్‌బాల్ పిచర్ చేతి నుంచి బ్యాటర్ దాకా రావడానికి పట్టేది సుమారు 0.4 సెకన్లు. కుడిచేతి బ్యాటర్ కాస్త ముందుగా తగిలిస్తే బంతి ఎడమవైపు, ఆలస్యమైతే కుడివైపు పోతుంది. ఒంటి దగ్గరకొచ్చే బంతిని ముందే అందుకోవాలి, దూరంగా పడేదాన్ని కాస్త ఆగి కొట్టొచ్చు. పిచర్ ఆ టైమింగ్ మీదే దెబ్బకొడతాడు. చివర్లో కిందికి జారే సింకర్ వేసి బంతిని నేలమీదికి కొట్టిస్తాడు, ఎత్తులో ఫాస్ట్‌బాల్ వేసి గాల్లోకి లేపిస్తాడు.

అయితే అలవాటు బలమైనది. 1946 జూలై 14న బోస్టన్ ఎడమచేతి బ్యాటర్ టెడ్ విలియమ్స్ క్లీవ్‌లాండ్ మీద ఆ రోజు జరిగిన రెండు మ్యాచ్‌ల్లో మొదటిదానిలో మూడు హోమ్‌రన్లు (ఒక్క దెబ్బకే బేస్‌లన్నీ చుట్టొచ్చేవి) బాదాడు. అతను కొడితే దాదాపు ఎప్పుడూ కుడివైపే. అదే రోజు రెండో మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ మేనేజర్, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) కూడా అయిన లూ బూడ్రో ఫీల్డర్లను కుడివైపు మోహరించి, ఎడమ పక్క లెఫ్ట్‌ఫీల్డర్‌ను మాత్రమే ఉంచాడు. విలియమ్స్ తన పద్ధతి పెద్దగా మార్చుకోలేదు. కానీ సెప్టెంబర్ 13న అదే క్లీవ్‌లాండ్ మీద ఖాళీగా ఉన్న ఎడమవైపు కొట్టి, బేస్‌లన్నీ పరుగెత్తి చుట్టొచ్చాడు. బోస్టన్ 1-0తో గెలిచింది, లీగ్ టైటిలూ దానితోనే ఖాయమైంది. చేతగాక ఎడమవైపు కొట్టలేదనడం తప్పని ఆ ఒక్క దెబ్బ చాలు చెప్పడానికి.

2001లో బేస్‌బాల్ గణాంకాలు తవ్వే వోరోస్ మెక్‌క్రాకెన్ పెద్ద చర్చ లేపాడు. స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఊరికే ఫస్ట్ బేస్ దక్కడం), హోమ్‌రన్లు పిచర్ చేతిలోవే గానీ, మైదానంలో పడ్డ బంతి హిట్ అవడంలో, అంటే బ్యాటర్ దానితో బేస్ చేరడంలో, పిచర్ల మధ్య తేడా చాలా తక్కువని, అది ఎక్కువగా ఫీల్డర్ల మీద, అదృష్టం మీద ఉంటుందని అన్నాడు. అది మరీ గట్టిగా అన్నమాటేనని తర్వాతి పరిశీలనలు చూపాయి. నా లెక్కలో బంతి నేలమీదా, గాల్లోనా అన్నదాంట్లో పిచర్ వాటా పెద్దది, ఎడమా కుడా అన్నది మాత్రం ఎక్కువగా బ్యాటర్ అలవాటు.

2015లో బంతి కదలికల్ని కొలిచే స్టాట్‌కాస్ట్ వ్యవస్థ అన్ని మేజర్ లీగ్ మైదానాలకూ వచ్చాక ప్రతి దెబ్బ వేగం, కోణం టీమ్‌ల చేతికొచ్చాయి. ఆ లెక్కలు చూసి టీమ్‌లు బూడ్రోలా ఫీల్డర్లను ఒకవైపు మోహరించేవి. ఎడమచేతి బ్యాటర్లు కుడివైపు నేలబారుగా కొట్టినవి ఫీల్డర్ల చేతుల్లో పడిపోతుంటే 2023 రూల్ వాళ్లను ఆదుకుంది. దూరంగా వెనక ఉండే అవుట్‌ఫీల్డర్లకు మాత్రం ఆ కట్టడి లేదు.