పదో గంట వెనుక కథ

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పనిగంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచడానికి ఆమోదం తెలిపింది. మరుసటి నెలలో తెలంగాణ కూడా దుకాణాలు మినహా వాణిజ్య సంస్థలకు పది గంటలదాకా అనుమతి ఇచ్చింది. రెండుచోట్లా వారానికి 48 గంటల పరిమితిని మాత్రం కదపలేదు. మరి కార్మిక సంఘాలు గొడవ చేస్తున్నది దేనికి? వారం లెక్క అదే అయినా సాయంత్రం లెక్క మారిపోతుంది గనుక.

పని అయిపోయిన సాయంత్రం తనదని కూలివాడు అనుకోవడమే మనకు కొత్త. పల్లెలో తీరిక పంటనుబట్టి వచ్చేది. ఏరువాక మొదలు కోతలదాకా వంచిన నడుం ఎత్తే వీలుండదు. గింజ ఇంటికి చేరాక సంక్రాంతి, ఆ తర్వాత వేసవి పొడుగునా తోలుబొమ్మలాటలు, వీధిభాగవతాలు. తెల్లారి పొలానికి పోవాలన్న తొందర లేదు కాబట్టే అవి తెల్లవార్లూ సాగేవి. నాట్లప్పుడు, దంపుళ్లప్పుడు పాట పనిలోనే కలిసి ఉండేది. అలాగని పాతరోజులే బాగున్నాయంటే ఒప్పుకోలేను. ఏడాది జీతానికి కుదిరిన పాలేరుకు పశువుల దగ్గరే పడక. నిజాం రాజ్యంలో వెట్టివాడికి దొర కబురు ఎప్పుడొస్తే అప్పుడే పని. రచ్చబండ మీద పులిజూదం ఆడే తీరిక వాళ్లది కాదు.

మిల్లులు వచ్చాక తీరిక గడియారం చేతిలోకి వెళ్లింది. బొంబాయి నూలుమిల్లుల్లో పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా పనే. వారానికొక రోజు సెలవు కావాలంటూ నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో కార్మికులను కూడగట్టారు. యజమానులు దిగిరావడానికి 1890 దాకా పట్టింది. ఇప్పుడు మనం మాంసం కూరతో గడిపేసే ఆదివారం వెనుక అన్నేళ్ల పోరాటం ఉంది. 1891లో ఫ్యాక్టరీ చట్టంలోకి వారపు సెలవు వచ్చింది. ఆ తర్వాత రోజు పరిమితి మెల్లగా దిగింది: 1922లో పదకొండు గంటలు, 1934లో పది. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, 1946 సవరణతో, తొమ్మిదికి వచ్చింది. వారానికి 48 గంటల హద్దూ అప్పటిదే. స్వాతంత్ర్యం తర్వాత 1948 చట్టం దాన్నే నిలబెట్టింది. అంటే ఇప్పటి పదో గంట 1934 నాటి గంటే.

అలా దక్కిన సాయంత్రాన్ని సినిమా మొదటి ఆట, రెండో ఆట పంచుకున్నాయి. విజయవాడ రేడియో కార్మికుల కోసమే ఒక కార్యక్రమం నడిపింది. ఇప్పుడు ఆ సమయం ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా దొరుకుతోంది. ఆఫీసు సందేశాలు వచ్చేదీ ఆ ఫోన్‌కే.

ఈ చరిత్రంతా ఎక్కువగా మగవాళ్ల తీరిక చరిత్ర. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఉద్యోగినులకు ఇది కొంత తక్కువే అనుకున్నా, పది గంటల షిఫ్టు, రానూపోనూ ప్రయాణం పోగా మిగిలేది నిద్రలోంచి కోసుకోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్ మార్పుల్లో సమ్మతితో మహిళలకు రాత్రి షిఫ్టు కూడా ఉంది. వంటింటి షిఫ్టు ఎన్ని గంటలో 1891 చట్టం అడగలేదు, 2025 సవరణా అడగలేదు.