మనిషిని పెట్టినం, మరి చూసేదెవరు?

ఏటీఎం ముందు కుర్చీ వేసుకుని కూర్చునే సెక్యూరిటీ గార్డును పంపాలంటే ఏజెన్సీకి లైసెన్స్ ఉండాలి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం అడుగుతుంది. గార్డు నడవడికపై విచారణ జరగాలి. కేంద్రం నమూనా నియమాల ప్రకారం 160 గంటల శిక్షణ కూడా ఉండాలి. పక్షవాతంతో మంచాన పడ్డ తల్లికి స్నానం చేయించి, గొట్టంతో జావ పోసి, రాత్రి పక్కనే పడుకునే ఆయాను పంపే ఏజెన్సీకి మాత్రం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మిర్యాలగూడలోనో మహబూబ్‌నగర్‌లోనో 'అమ్మ దగ్గర ఒక మనిషిని పెట్టినం' అని చెప్పేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

పాతరోజుల్లో ఈ పని కోడలిది, లేదంటే పుట్టింటికొచ్చిన బిడ్డది. బాలింతకూ పసిగుడ్డుకూ నీళ్లు పోయడానికి మంత్రసాని వచ్చేది. పుండ్లు కడిగి కట్టుకట్టడం చాలా ఊళ్లలో మంగలివాళ్ల పని. పంట మీద గింజలు ఇచ్చేవాళ్లు. అందులో కులం బరువు చాలా ఉంది, మురిపెంగా తలుచుకోవాల్సిన పద్ధతేం కాదు. అయినా మనిషి ఒంటిని ఎట్లా పట్టుకోవాలో తెలిసిన చేతులు ఊళ్లో ఉండేవి. కాన్పులు దవాఖానకు మారాక మంత్రసాని పోయింది, ఆమె చేతి నేర్పూ పోయింది.

ఇళ్లు ఖాళీ అవడం పాలమూరులో ముందే మొదలైంది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి, కాలువ తవ్వితే అక్కడికి ఆలుమగలు కలిసి పోయేవాళ్లు. ముసలోళ్లు ఇంటికాడ, పక్కింటివాళ్ల దయ మీద. తర్వాతి తరం హైదరాబాద్‌కు పోయింది, కొందరు అమెరికా దాకా. డబ్బు పంపగలిగిన పిల్లలు వచ్చాకే ఏజెన్సీలకు గిరాకీ పుట్టింది. డబ్బు లేని ఇంట్లో ఇప్పటికీ పక్కింటావిడే దిక్కు.

నల్లగొండ కథ వేరు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉండేది. ఆ నీళ్లు తాగినవాళ్లలో వెన్ను బిగిసి, కాళ్లు వంకరపోయి, ముప్పై ఏళ్లకే మంచం పట్టినవాళ్లున్నారు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే కట్టారు. నీళ్లు మారాయి, వంగిన ఎముక మాత్రం తిరిగి లేవదు. ఇలాంటి మనిషిని చంకల కింద చేతులేసి ఒక్క గుంజు గుంజి లేపకూడదు. మెడ తిరగదు, నడుము వంగదు కాబట్టి మొత్తం ఒంటిని ఒకేసారి పక్కకు దొర్లించాలి. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పిరుదుల దగ్గర ముందు ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది. ఇదంతా తల్లులు సొంతంగా నేర్చుకున్నారు. ఆ తల్లులకే ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆసరా పింఛన్ 2014 నుంచి వస్తోంది. అది మంచంలో ఉన్నవాళ్ల బియ్యానికీ మందులకూ, కాపలా ఉన్న మనిషి చేతికి ఏం మిగలదు.

మా మేనత్తకు పోయినేడాది ఆయాను పెట్టారు. మనిషి మంచిదే. చక్కెర జబ్బు మాత్ర అన్నానికి ముందో తర్వాతో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఏజెన్సీవాళ్లు చెప్పామన్నారు. ఎవరి మాట రాసి ఉందని?

చట్టం ఇంటి గడప దగ్గరే ఆగిపోతోంది. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు ఇప్పించవచ్చు. అడగగలిగేది పిల్లలనూ వారసులనే, ఏజెన్సీని కాదు. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం చూసేది ఆసుపత్రులనూ క్లినిక్‌లనూ. ఇంటి దగ్గర సేవలిచ్చే సంస్థలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలని 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. 2024లో ఆ సభ ముగియడంతో బిల్లూ పోయింది.

ఆయా వైపు నుంచీ చూడాలి. ముక్కూ మొహం తెలియని ఇంట్లో రాత్రింబగళ్లు ఉండేది ఆమెనే. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే లెక్కిస్తుంది, కలెక్టర్ వేసే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఆ కమిటీ ఉందని ఆమెకు చెప్పేవాళ్లెవరు అన్నది వేరే ప్రశ్న.

ఇక కుటుంబానికి మిగిలింది వినియోగదారుల కమిషన్. ఏజెన్సీకి డబ్బు కట్టి తీసుకున్న సేవలో లోపం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లాలోనే కేసు వేయొచ్చు, బిల్లు చేతిలో ఉంటే పని తేలిక. అదే ఆయాను నేరుగా జీతానికి పెట్టుకుంటే, అది వ్యక్తిగత సేవా ఒప్పందం కిందికి వస్తుంది గనుక ఆ చట్టం వర్తించదు. మన ఊళ్లలో ఎక్కువమంది పెట్టుకునేది అలాగే, ఎవరో తెలిసినవాళ్లు చెప్పగా, నోటిమాట మీద.